డిస్కు పోయిందన్నారు

మొన్న మా తమ్ముడి కూతురు సుమ బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసులో ఒక పెద్ద యంత్రం లోపల పదీ పదిహేను ఉత్తుత్తి యంత్రాలు నడుస్తాయట. వర్చువల్ మిషన్లు అంటారట వాటిని. ఈమధ్య అవి ఉన్నట్టుండి కూలిపోతున్నాయట.

"అన్నిటికీ అడుగున ఉన్నది ఒకే స్టోరేజ్ వాల్యూమ్, మీ డిస్కులాంటిదే, పెదనాన్నా. అదే పాడైందని అంటున్నారు. మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కిద్దామంటున్నారు" అంది.

"అంటున్నారా, చూశారా?" అన్నాను.

చిన్నగా నవ్వి, "అంటున్నారు" అంది.

"అయితే ముందు చూడండి. తుడవడానికి తొందరేముంది, అది ఎప్పుడైనా తుడవచ్చు" అని చెప్పి పెట్టేశాను. ఆ సాయంత్రం నాకు ఎమ్మిగనూరు గుర్తొచ్చింది. సుమ చెప్పిన చిక్కే నన్ను అక్కడ ఒక వేసవిలో పట్టుకుని ఊపేసింది. యంత్రాలు మారాయి, పేర్లు మారాయి, మనిషి కంగారు మాత్రం అలాగే ఉంది. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అసలే అక్కర్లేదు. పని ఎలా ఉండేదో మాత్రం చెబుతాను.

ఖాన్ సాబ్ దగ్గర

డెబ్బైల మధ్యలో ఆదోనిలో పనిలో చేరాను. పత్తి మార్కెట్ వెనక వీధిలో ఒక గది. టైపు మిషన్లు, పిడి తిప్పే లెక్కల యంత్రాలు బాగుచేసేవాళ్లం. పత్తి మండీల్లో వాడే యంత్రాలు కదా, విప్పితే లోపల చిన్న దిండుకు సరిపడా దూది ఉండేది. మా మేస్త్రి ఖాన్ సాబ్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. స్క్రూడ్రైవర్ నా చేతిలో కనబడితే చాలు, ఆయనకు ఒళ్లు మండేది.

"ఇప్పేది ఎంతసేపు బేటా! ముందు జర సూడు" అనేవాడు.

ఒకసారి ఒక మండీలో లెక్కల యంత్రం అంకె మింగేస్తోందన్నారు. నేను కూర్చుని మూత విప్పబోతుంటే ఖాన్ సాబ్ నన్ను లేపి, గుమాస్తాను కూర్చోబెట్టి, "నీ పని నువ్వు సేసుకోప్పా" అన్నాడు. తను చాయ్ తాగుతూ చూశాడు. కప్పు కింద పెట్టి, సిగరెట్ పెట్టె అట్ట మడిచి టేబులు కాలు కింద దోపాడు. అంతే. టేబులు ఊగినప్పుడల్లా లోపలి పళ్ల చక్రం తప్పుతోంది. మండీ యజమానికి అది నచ్చలేదు. యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి చూపిస్తేగాని ఆయన దృష్టిలో అది మరమ్మతు కాదు.

"యంత్రం పోయింది అనేముందు అది నిలబడిన జాగా సూడు" అని దారిలో చెప్పాడు ఖాన్ సాబ్. అప్పుడు నాకు అది ముసలాళ్ల చాదస్తంలాగే వినబడింది. ఆయన నన్ను తిట్టినన్ని తిట్లు మా నాన్న కూడా తిట్టలేదు గాని, నేను తిన్న అన్నంలో సగం ఆయన పెట్టిందే.

ఎమ్మిగనూరులో పెట్టె

ఎనభైల నడిమికి వచ్చేసరికి నేను కంప్యూటర్లలోకి దిగాను. హైదరాబాద్ కంపెనీ ఒకటి నన్ను చేర్చుకుని, ఆదోని చుట్టుపక్కల ఊళ్లన్నీ నా నెత్తిన పెట్టింది. ఎమ్మిగనూరులో వీరభద్రప్ప అని ఒక నూలు సావుకారు ఉండేవాడు. నూలుకు రంగులు అద్దించి, మగ్గాలవాళ్ల ఇళ్లకు పంపి, దుప్పట్లు నేయించేవాడు. ఏ ఇంట్లో ఏ రంగు నూలు ఎంత ఉంది, ఏ అంచు దుప్పటి మగ్గం మీద ఉంది అన్న లెక్క పెద్ద తలనొప్పి. ఎవరో చెబితే విని కంప్యూటర్ కొన్నాడు. ఆఫీసు గదిలో బీరువాకు సగం ఎత్తున్న ఇనుప పెట్టె, దాని పక్కన తెరా మీటలూ ఉన్న ఒక టెర్మినల్. నూలు గోడౌనులో ఇంకొకటి. రెండింటికీ మధ్య గోడ వెంబడి వైరు. పెట్టె లోపల ఒక హార్డ్ డిస్కు. ఇవాళ మీ సెల్‌ఫోన్‌లో తీసిన పెళ్లి ఫోటోలు నాలుగు కూడా అందులో పట్టవు. అప్పట్లో ఆ ఊరి మగ్గాలన్నీ అందులోనే ఉన్నాయి.

దాన్ని నడిపేది మస్తానమ్మ. ఆదోని దూదేకులవాళ్ల పిల్ల. ఇంటర్ చదివి, టైపు పరీక్ష రాసి, రోజూ పొద్దున బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న పరుపులకు దూది ఏకేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మంచం పట్టాడు. వెనక ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. ఇల్లు ఆ పిల్ల జీతం మీదే నడుస్తోందని ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా ఆమె అంటే వాళ్లకు కాస్త కంటగింపే. ఆడపిల్ల, పొరుగూరు పిల్ల, పైగా సావుకారు పక్క గదిలో ఫ్యాను కింద కూర్చుంటుంది.

వేసవి మొదలయ్యాక పెట్టె ఆగిపోవడం మొదలైంది. పని మధ్యలో తెర బిగుసుకుపోయేది. డిస్కు చదవలేకపోతున్నాను అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చేది. స్విచ్చి ఆపి వేస్తే మళ్లీ నడిచేది. కొన్నాళ్లకు రోజుకు ఎన్నిసార్లు ఆగుతోందో చెప్పడం కూడా మానేశారు. నేను వెళ్లేసరికి ఆఫీసులో ఒక మాట పుట్టి, నడిచి, పెద్దదై కూర్చుని ఉంది.

"ఆయమ్మ సెయ్యి పడితే ఆగిపోతాంది సార్" అన్నాడు ఒక గుమాస్తా, చెవిలో.

ఆ మిషన్ ముందు రోజంతా కూర్చునేది ఆమె ఒక్కతే అయినప్పుడు ఇంకెవరి చెయ్యి పడుతుందని నేను అడగలేదు. అడిగినా అతనికి అర్థం కాదు.

వీరభద్రప్ప మాత్రం సూటి మనిషి. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మస్తానమ్మ వింటుండగానే చెప్పేశాడు.

"సూడప్పా, నాకు ఇంగ్లీషు రాదు. పోయిందా ఉందా, సోమారం లోపల తేల్చి సెప్పు. పోయిందంటే ఈ పెట్టెను ఎనక్కి పంపిస్తా, మల్లా పుస్తకాలు రాసుకుంటాం. పెట్టె ల్యాకుంటే ఈ పాపకు ఈడ పని ల్యా. నేనేం సేసేది?"

మస్తానమ్మ తల ఎత్తలేదు. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి గాని కదలడంలేదు.

ఫార్మాట్ కొట్టెయ్

మా కంపెనీ పెద్దసారు హైదరాబాదులో ఉండేవాడు. చెడ్డవాడు కాదు. అరడజను జిల్లాల యంత్రాలు ఆయన నెత్తిన ఉండేవి, ఫోను పెట్టేసేలోపు ఇంకో ఫోను మోగేది. పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేసి, లైను దొరికాక గొంతు చించుకుని సంగతి చెప్పాను.

"డిస్కు పాడైందయ్యా. ఎండలకి ప్లేటు మీద మచ్చలు పడుంటాయి. ఫార్మాట్ కొట్టెయ్. వాళ్లు నకలు తీసి పెట్టుకున్న ఫ్లాపీల్లోంచి మళ్లీ ఎక్కించు. అర పూట పని."

"ఫ్లాపీలు కూడా సరిగ్గా చదవడంలేదు సార్."

"అయితే అవీ పోయుంటాయి. దుమ్ము ఊరు కదా మీది. కొత్తగా మొదలుపెట్టమను."

కొత్తగా మొదలుపెట్టమను! ఆ మాట అనడానికి ఆయనకు అర క్షణం పట్టింది. ఆ పిల్ల గడిచిన ఏడాదంతా మగ్గం మగ్గానికీ పేరు, నూలు, అంచు, రంగు టైపు చేసింది. కంప్యూటర్ వచ్చాక పుస్తకాలు రాయడం మానేశారు. ఫార్మాట్ కొట్టి అంతా తుడిచానంటే ఏ ఇంట్లో ఏముందో చెప్పే దిక్కు ఉండదు. మస్తానమ్మ సంగతి సరే, నేసేవాళ్లను ఒక్కొక్కరినీ నిలబెట్టి నూలు ఎక్కడ దాచావని అడిగే రోజు వస్తుంది.

మా వృత్తిలో ఒక జబ్బుంది, ఇవాళ కూడా ఉంది. తుడిచేస్తే పని జరిగినట్టు కనబడుతుంది. కారణం తెలియకపోయినా కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఈలోగా మనం ఆ ఊళ్లోంచి వెళ్లిపోతాం. మళ్లీ చెడితే అది కొత్త జబ్బు అంటాం. నేను అలాంటి మరమ్మతులు చేసినవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లకు మంచి పేరు కూడా వచ్చింది.

నాకు ఒక్క సంగతి మింగుడు పడలేదు. హార్డ్ డిస్కు పాడవడం ఉన్నదే. ఫ్లాపీలు పాడవడమూ ఉన్నదే. కాని ఒకటి ఇనుప పెట్టెలో బిగించి ఉంది, ఇంకొకటి సావుకారు బీరువాలో తాళం వేసి ఉంది. రెండింటికీ ఒకే వేసవిలో, ఒకే తీరులో మాయరోగం రావడమేమిటి? రెండూ నిజంగా పోయాయా, లేక రెండింటినీ చదివే చోటే ఏదో తేడా ఉందా?

అది తేల్చుకోవడానికి యంత్రం విప్పక్కర్లేదు. ఆ ఫ్లాపీలను ఇంకో ఊళ్లో, ఇంకో యంత్రంలో పెట్టి చూస్తే చాలు. ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు మా కంపెనీదే, అచ్చం ఇలాంటి పెట్టె ఉంది.

టిఫిన్ క్యారియర్‌లో ఫ్లాపీలు

ఫ్లాపీలను ఎవరి చేతికీ ఇవ్వనంది మస్తానమ్మ. తనే మెత్తటి పాత దుప్పటి ముక్కలో చుట్టి, తన టిఫిన్ క్యారియర్ కడిగి తుడిచి అందులో పెట్టి మూత బిగించింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ "ఏం కూర వండుకొస్తివి పాపా" అని అడిగితే ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

మిల్లులో గుమాస్తాను బతిమాలి యంత్రం కాసేపు ఖాళీ చేయించాను. మొదటి ఫ్లాపీ పెట్టాను. చదివింది. ఎక్కడా ఆగలేదు. రెండోది పెట్టాను. మూడోది. పేర్లు వరసగా తెర మీదికి వస్తూనే ఉన్నాయి. ఫలానా వీధి, ఫలానా మగ్గం, ఎర్ర నూలు, నల్ల అంచు.

మస్తానమ్మ నా వెనక నిలబడి ఆ పేర్లు పైకి చదువుతోంది. మొదట నెమ్మదిగా, తర్వాత తొందరతొందరగా. చివరి ఫ్లాపీ అయ్యాక ఆ గది బయట ఉన్న పత్తి బేలు మీద కూలబడిపోయింది.

"అన్నీ ఉండాయి సార్" అంది. "అన్నీ ఉండాయి. నేను సెడగొట్టింది ఏమీ ల్యా."

నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఊరికే అనడంలేదు, ఆ క్షణాన నిజంగా అలాగే ఉంది. ఫ్లాపీల్లో రాసింది చెడలేదు, ఎమ్మిగనూరులో చదవడమే చెడింది. అలాంటప్పుడు హార్డ్ డిస్కు కూడా పోయిందని ఎలా నమ్మాలి? తుడవకుండా ఆగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. ఖాన్ సాబ్ ఉంటే ఆ మెప్పును కూడా ఒక తిట్టుతో దించేసేవాడు.

గోనెపట్ట

మర్నాడు ఎమ్మిగనూరులో పెట్టె ముట్టుకోలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, "నీ పని నువ్వు చేసుకో అమ్మా" అన్నాను. ఆమె చేసుకుంటూ పోయింది. కాసేపటికి నా చూపు ఆమె కాళ్ల మీద పడింది. టేబులు కింద మడతలు వేసిన గోనెపట్ట ఒకటి ఉంది, దాని మీదే పాదాలు రెండూ పెట్టుకుని కూర్చుంది. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదని అప్పట్లో అందరం కచ్చితంగా ఉండేవాళ్లం.

"ఆ గోనెపట్ట ఎందుకమ్మా?" అన్నాను.

మొదట కాళ్లు లాగుతాయంది. ఇంకోసారి అడిగితే తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"పెట్టెకు సెయ్యి తగిల్తే జివ్వుమంటాది సార్. వట్టి కాళ్లతో అయితే శానా జాస్తి. ఇది ఏసుకున్నాక తగ్గినాది."

"ఎన్నాళ్ల నుంచి? ఎవరికీ చెప్పలేదా?"

"ఎట్ల సెప్పేది సార్? నా సెయ్యి మంచిది కాదని ముందే అంటాండారు. షాకు కొడతాందంటే, మిషన్‌కు కూడా నేను సరిపోల్యా అని అంటారు."

నేను లేచి పెట్టె మీద చెయ్యి ఆనించాను. జివ్వుమంది. ఆఫీసులో అంతమంది ఉన్నారు, ఆ పెట్టె మీద చెయ్యి వేసి చూసినవాడు ఒక్కడు లేడు. చెయ్యి గురించి మాట్లాడినవాళ్లు మాత్రం బోలెడుమంది.

నా సంచిలో బల్బు, రెండు తీగలు ఎప్పుడూ ఉండేవి. ప్లగ్గులో కరెంటు వచ్చే కన్నానికీ, పోయే కన్నానికీ పెడితే బల్బు భగ్గుమని వెలిగింది. వచ్చే కన్నానికీ, ఎర్త్ కన్నానికీ పెడితే మిణుకు మిణుకుమంది. ఎర్త్ అంటే తెలుసు కదా, పెట్టె ఒంటి మీద చేరిన తప్పుడు కరెంటును భూమిలోకి పంపే దారి. ఆ దారి మూసుకుపోతే ఆ కరెంటు పెట్టె ఇనుములోనూ, గోడౌనుకు పోయే వైరులోనూ తచ్చాడుతుంది. డిస్కులో రాసింది రాసినట్టే ఉంటుంది. దాన్ని చదివి పైకి తెచ్చే తీగల్లో ఈ గోల కలుస్తుంది. యంత్రానికి అక్షరం తప్పుగా వినబడుతుంది, డిస్కు చదవలేకపోతున్నాను అని చేతులెత్తేస్తుంది. పాపం అది అబద్ధం చెప్పలేదు. మనమే ఆ మాటకు డిస్కు పోయిందని అర్థం చెప్పుకున్నాం.

పోస్తాండా

ఎర్త్ గుంత పెరట్లో ఉంది. లోతుగా తవ్వి, ఇనుప పలక దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైకి ఒక గొట్టం పెడతారు. ఆ గొట్టంలో రోజూ నీళ్లు పోస్తేనే అడుగున మట్టి తడిగా ఉండి కరెంటును తీసుకుంటుంది. మా వైపు నేల ఎలాంటిదో చెప్పక్కర్లేదు. కాలువకు నీళ్లు ఆపేశాక బావులే నోరు తెరుస్తాయి, ఇక గుంత ఎంత?

"రోజూ నీళ్లు పోస్తున్నారా?" అని వీరభద్రప్పను అడిగాను.

"పోస్తాండారు. ఉరుకుందమ్మ పని అది" అన్నాడు. ఉరుకుందమ్మ అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. ఆమెను పిలిచి అడిగాడు. "పోస్తాండా సావుకారు, ఒక్క దినం కూడా తప్పల్యా" అంది. గుమాస్తాలు కూడా అవునన్నారు, కళ్లారా చూశామన్నారు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అందరూ పోస్తున్నామన్నారు కాబట్టి ఎర్త్ బాగున్నట్టే అని రాసుకుని వెళ్లిపోతారు. నాకు మాత్రం బల్బు ఒక మాట చెబుతోంది, మనుషులు ఒక మాట చెబుతున్నారు. నేను, "ఏదీ, ఎలా పోస్తావో ఒకసారి పోసి చూపించమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి చిన్న రాగి చెంబుతో వచ్చింది. మేమంతా పెరట్లోకి వెళ్లాం. గుంత చుట్టూ శుభ్రంగా అలికి ఉంది. గొట్టానికి పసుపు, కుంకుమ. మూత మీద పొద్దున పెట్టిన కనకాంబరాలు. ఆమె కొంగు సర్దుకుని, చెంబులోంచి మూడుసార్లు, ఉద్ధరిణితో తీర్థం ఇచ్చినట్టు, కొంచెం కొంచెంగా గొట్టంలో వదిలింది. కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"ఎవరు చెప్పారమ్మా ఇలా పొయ్యమని?" అన్నాను.

"వైర్లు గుంజిన ఆయప్ప సెప్పినాడు కదప్పా. భూమికి రోజూ నీల్లు పొయ్యాల, మర్సిపోతే మిషన్‌కు కోపమొస్తాది అని. దేవుని పని గదా, నేను తానం సేయకుండా పొయ్యనే పొయ్యను."

వైర్లు వేసిన ఆ మహానుభావుడు సరదాకి ఒక మాట వదిలి వెళ్లిపోయాడు. ఈమె దాన్ని వ్రతంలా పట్టింది. పొయ్యాలన్నాడు గాని ఎంతో చెప్పలేదు. రోజూ పోస్తున్నావా అని వీళ్లు అడుగుతూనే ఉన్నారు, పోస్తున్నానని ఆమె చెబుతూనే ఉంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. వానాకాలం, చలికాలం నేల తడి మీద ఎలాగో గడిచింది. వేసవి వచ్చేసరికి అడుగు ఎండిపోయింది.

వీరభద్రప్ప ముఖం ఎర్రబడింది. "బిందిగ నిండా పొయ్యాల్నే! మూడు సుక్కలు పోసి నా నెత్తి మీదికి తెచ్చినావు గదనే!"

"బిందిగా!" అని ఉరుకుందమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తాగను నీల్లు ల్యాక కొళాయి కాడ జుట్లు పట్టుకోని సస్తాంటే, బిందిగ నీల్లు నేల్లో పొయ్యాల్నా? పాపం తగలదా సావుకారు? నీకు మనసొప్పుతాదా?"

సావుకారుకూ ఒప్పదు. ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లో నీళ్లు మోసి పెరిగినవాడే. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, "నాకే సెప్పింటే నేనూ పోసేవాన్ని కాదేమో" అన్నాడు.

అప్పుడు నేను పెరటి చివర చూశాను. రంగుల షెడ్డు నుంచి కాలువ పారుతోంది. నూలుకు రంగు పట్టడానికి తొట్లలో ఉప్పు వేస్తారు, నూలు జాడించాక ఆ నీళ్లు పారబోస్తారు. తాగడానికి కాదు కదా, బర్రెలు కూడా మూతి పెట్టవు. ఎర్త్ గుంతకు మాత్రం అంతకన్నా మంచి నీళ్లు దొరకవు. ఉప్పు కలిసి ఉన్నాయి మరి.

"తాగే నీళ్లు అక్కర్లేదమ్మా, ఇవి పొయ్యి. ఎన్ని బిందెలైనా పొయ్యి. పాపం తగలదు" అన్నాను.

ఉరుకుందమ్మ ముఖం విప్పారింది. కనకాంబరాలు తీసి పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు దోపి, బకెట్ అందుకుంది. నీలం నీళ్లు, ఎర్ర నీళ్లు, ఆకుపచ్చ నీళ్లు, ఆ గుంత తాగింది తాగినట్టే ఉంది. సాయంత్రానికి గాని గొట్టంలో నీళ్లు నిలబడలేదు.

పిల్లలకు ఇక్కడ ఒక మాట. ఉందా, చేస్తున్నారా, పోస్తున్నారా అని అడిగితే మీకు మంచి జవాబే వస్తుంది. ఆ జవాబు నిజమే అయినా మీకు పనికిరాకపోవచ్చు. చేసి చూపించమని అడగండి, పక్కన నిలబడి చూడండి. అలా అడగడానికి మొహమాటపడితే ఈ పనికి రాకండి.

చెయ్యి

మర్నాడు బల్బు రెండు వైపులా ఒకేలా వెలిగింది. పెట్టె మీద చెయ్యి వేస్తే చల్లటి ఇనుము తప్ప ఏమీ లేదు. కాని అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఇన్ని వారాలు ఉన్నట్టుండి ఆగిపోయిన డిస్కు నిజంగా ఎక్కడైనా దెబ్బ తిన్నదేమో తెలియదు. ఆ చివర నుంచి ఈ చివరదాకా మొత్తం చదివించి చూడాలి. దానికో ప్రోగ్రాము ఉండేది. మొదలుపెడితే మధ్యలో ముట్టుకోకూడదు.

వీరభద్రప్ప వచ్చి కూర్చున్నాడు. గుమాస్తాలు గుమ్మంలో నిలబడ్డారు. ఉరుకుందమ్మ గడప బయట చతికిలబడింది. మస్తానమ్మను కుర్చీలో కూర్చుని మొదలుపెట్టమన్నాను. ఆమె కదల్లేదు.

"నేను నొక్కను సార్" అంది. తర్వాత సావుకారు వైపు తిరిగింది. "సావుకారు, మీరే నొక్కండి. నడిస్తే నడిచిందంటారు. మల్లా ఆగిపోయినాదనుకో, ఈసారి మీ సెయ్యే అంటారు."

సావుకారు కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. లేచి వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. లక్షల సరుకు కళ్లు మూసుకుని బేరమాడే మనిషి, ఏ మీట అని నన్ను రెండుసార్లు అడిగి, చూపుడు వేలు పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టి నొక్కాడు.

తెర మీద అంకెలు కదలడం మొదలైంది. మేమందరం వాటినే చూస్తూ కూర్చున్నాం. మధ్యలో ఒకచోట ఆగినట్టు అనిపించింది. తిరిగి నడిచింది. చివరిదాకా వచ్చింది. డిస్కులో మచ్చలు లేవు. హఠాత్తుగా ఆగిపోయినప్పుడు రాస్తున్న పేర్లు మాత్రం కొన్ని కలగాపులగం అయ్యాయి. అవీ ఆఖరి వారాలవే. ఆ ఇళ్లకు కబురు పెట్టి కనుక్కుంటే సరిపోతుంది.

"ఉందప్పా?" అన్నాడు సావుకారు.

"ఉంది. ఏమీ పోలేదు."

ఆయన కుర్చీలోంచి లేచి, పైమీది తువాలుతో ఆ కుర్చీని ఆయనే తుడిచాడు. గుమాస్తాలందరూ చూస్తుండగా మస్తానమ్మతో, "కూసో తల్లీ. నీ జాగా ఇది. ఇంక ఎవురన్నా సెయ్యి గియ్యి అన్నారంటే నాకు సెప్పు" అన్నాడు.

ఆమె కూర్చుంది. కాళ్ల కింద గోనెపట్టను పాదంతో పక్కకు నెట్టేసి, వట్టి నేల మీద కాళ్లు ఆనించి, కలగాపులగమైన మొదటి పేరు తెరిచింది.

పెద్దసారుకు ట్రంకు కాల్ చేసి, ఎర్త్ ఎండిపోయిందని, బాగైందని చెప్పాను. తీర్థం సంగతి చెప్పలేదు. లైను సరిగ్గా లేదు, పైగా అది ఆయనకు నవ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. "అయితే ఫార్మాట్ కొట్టలేదా?" అన్నాడు, ఏదో వెలితిగా ఉన్నట్టు.

ఆ సాయంత్రం ఆదోని బస్సులో మస్తానమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటకముందే తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. ఆ రోడ్డు మీద గుంతలకు బస్సు ఎగిరెగిరి పడుతోంది, ఆమె తల ఊచకు కొట్టుకుంటోంది, అయినా లేవలేదు. ఎన్నాళ్ల నిద్రో పాపం. ఆదోనిలో బస్సు ఆగాక అందరూ దిగిపోయారు. కండక్టరు ఆమెను లేపబోతుంటే, "రెండు నిమిషాలు ఉండన్నా, పడుకోనీ" అన్నాను. అతను ఎందుకని అడగలేదు. బస్సు దిగి బీడీ ముట్టించుకున్నాడు.